రక్షకుల మనోవ్యథ

ఇల్లు తగులబడినను, ఏఱు పొంగినను, బండ్లు ఢీకొనినను జనులెల్లరు వెనుకకు పరుగెత్తుచుండగా ముందునకు పరుగెత్తువారు కొందఱు గలరు. అగ్నిమాపకదళమువారును, పోలీసులును, 108 వాహనముల సిబ్బందియు నట్టివారు. వారు మోసికొనివచ్చిన క్షతగాత్రులను గూర్చి లోకము విచారించును. వారి మనస్సులు మోయుచున్న బరువును గూర్చి విచారించువా రరుదు.

2023వ సంవత్సరము జూను 2వ తేదీ సాయంకాలమున ఒడిశాలోని బాలేశ్వరము జిల్లాలో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ మొదలుగా మూడు రైళ్లు ప్రమాదమునకు లోనై 290 మందికి పైగా మరణించిరి. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళమువారు 44 మందిని రక్షించి, 121 మృతదేహములను వెలికిదీసిరి. కొన్ని దినములకు అప్పటి దళాధిపతి అతుల్ కర్వాల్ గారు ఢిల్లీలో నొక సభయందు, తమ జవానొకనికి నీళ్లను చూచినప్పుడెల్ల రక్తమే తోచుచున్నదనియు, మఱియొకనికి ఆకలి నశించినదనియు దాచక చెప్పిరి. తిరిగివచ్చినవారికి మానసిక చికిత్సా సలహాల నేర్పఱచినట్లును తెలిపిరి. అధిపతియే యిట్లు పలుకుట మాకు మిక్కిలి మేలుగా దోచినది. ఏలయన, ఈ వ్యథను పిఱికితనమని తలంచి దాచుకొనువారే పెక్కురు.

పీడకలలు, చిన్న చప్పుడునకే యులికిపాటు, కారణములేని కోపము, ఆ ప్రదేశమును తలంపనైన నొల్లకుండుట, మద్యమునకు లోబడుట దీని లక్షణములు. మొదటి వారములలో నివి కలుగుట సహజము. పెక్కురకు తామే తగ్గును. నెల దాటినను తగ్గనిచో నది వ్యాధి. దానికి చికిత్స గలదు. మనోవైద్య నిపుణులు రోగిచేత ఆ జ్ఞాపకములను క్రమక్రమముగా నెదుర్కొనజేసి, వాని బలమును తగ్గింతురు.

1983లో అమెరికాదేశీయుడగు జెఫ్రీ మిచెల్ అను నాతడు, ప్రమాదము ముగిసిన కొలదికాలమునకే సిబ్బందిని గూర్చుండబెట్టి జరిగినదెల్ల చెప్పించు పద్ధతి నొకదానిని ప్రకటించెను. అది పెక్కుదేశముల వ్యాపించెను. తరువాతి పరిశోధనలలో, ఒక్కమాఱు చెప్పించి విడిచినంతమాత్రమున నీ వ్యాధి నివారింపబడదనియు, కొందఱికి కీడును గలుగవచ్చుననియు తేలినది. కావున 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ప్రథమ మానసిక చికిత్సా విధానము, బలవంతముగా చెప్పింపక, అవసరమును చూచుట, చెప్పినది వినుట, తగిన సహాయముతో జతపఱచుట యను మూటినే బోధించుచున్నది.

ఈ మూడును గృహిణులు చేయదగినవే. భర్తయో, కుమారుడో, కోడలో అట్టి పనినుండి వచ్చిన దినమున “ఏమి చూచితిరి?” అని గ్రుచ్చి యడుగరాదు. వేళకు భోజనమును, నిద్రను అమర్పవలెను. వారే నోరు విప్పినచో నడుమ నడ్డుపడక వినవలెను. “మగవాడవై యేడ్చెదవా?” అను మాట యింట వినబడరాదు.

వైద్యునికడకు బోవుట యవమానమని యెంచువారికి మేము మహాభారతమును జ్ఞాపకము చేయుదుము. వ్యాసుని శాంతిపర్వమున, యుద్ధానంతరము శోకమున మునిగి రాజ్యమునే రోసిన ధర్మరాజుతో ద్రౌపది, బుద్ధి దారితప్పినవానికి ఔషధములతో చికిత్స చేయింపవలెనని చెప్పినది. ధర్మరాజునకు లేని యవమానము మనవారికేల?

2022వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన కేంద్ర ప్రభుత్వము టెలీమానస్ అను సేవను నెలకొల్పినది. 14416 సంఖ్యకు టెలిఫోను చేసినచో రేయింబవళ్లు ఉచితముగా తెలుగులోనే సలహా లభించును. ఆ సంఖ్యను వంటయింటి గోడపై వ్రాసి యుంచుడు.