పడినదా? పడవేసినారా?

ప్రయోగశాలలో గాజుగొట్టము పగిలినది. ఏమయినదని ఉపాధ్యాయుడు అడుగగా విద్యార్థి, "ది ట్యూబ్ ఫెల్" అని బదులు చెప్పినాడు. ఆ వాక్యమున వ్యాకరణదోషము లేదు. కాని అందులో గొట్టము మాత్రమే ఉన్నది. దానిని పట్టుకొన్న చేయి లేదు. "ఐ డ్రాప్ట్ ది ట్యూబ్" అన్నప్పుడే ఆ చేయి కనబడును. అంతమాత్రమున ఆ బాలుడు తప్పించుకొన జూచినాడని అనరాదు. "చేయి జారి పడినది" అనుట తెలుగు నుడికారము. అతడు దానినే ఇంగ్లీషులోనికి తెచ్చినాడు. అయినను వినువానికి కలుగు అభిప్రాయము వేరు. క్రియను ఎన్నుకొనుటలో ఇంతటి బాధ్యత ఇమిడి యున్నది.

'ఫాల్', 'డ్రాప్' అను రెండింటి భేదమును చంద్రమండలముపై జరిగిన ఒక ప్రయోగము చక్కగా విశదపరచును. 1971 ఆగస్టు 2వ తేదీన అపోలో 15 యాత్రికుడు డేవిడ్ స్కాట్ ఒక చేత సుత్తిని, మరొక చేత డేగ ఈకను పట్టుకొని ఒక్కసారిగా విడిచిపెట్టెను. గాలి లేని ఆ చోట రెండును ఒకేసారి నేలను తాకినవి. స్కాట్ చేసిన పని 'డ్రాప్'. సుత్తికి, ఈకకు జరిగినది 'ఫాల్'. అంతకు మూడు దినములకు ముందు వారి నౌక చంద్రునిపై దిగిన విధము 'డిసెండ్'. అది యంత్రబలముతో వేగమును అదుపులో ఉంచుకొని, ఉద్దేశపూర్వకముగా దిగుట. నౌక 'ఫెల్' అని వ్రాసినచో ప్రమాదము జరిగినదని పాఠకుడు గుండె పట్టుకొనును.

'డ్రాప్' విడుచుటకును, పడుటకును గూడ చెల్లును. 'ఫాల్' అట్లు కాదు. దానికి కర్మ ఉండదు. కనుక "ఐ ఫెల్ ది బుక్" అనుట తప్పు. పడవేయుట అను అర్థమున 'ఫెల్' అను వేరొక క్రియ కలదు గాని, అది ముఖ్యముగా చెట్లను నరికి కూల్చుటకే వాడుకలో నున్నది. దాని భూతకాలము 'ఫెల్డ్'. చెట్టు కూలినచో "ది ట్రీ ఫెల్". మనుష్యులు కూల్చినచో "దె ఫెల్డ్ ది ట్రీ". కూలు–కూల్చు, రాలు–రాల్చు, దిగు–దింపు అను జంటలు ఎరిగిన తెలుగు విద్యార్థికి ఇది క్రొత్త కాదు. ఇంగ్లీషులో 'సిట్–సెట్', 'లై–లే', 'రైజ్–రెయిజ్' అనునవియు ఇట్టి జంటలే.

తికమక కలిగించునది మరొకటి కలదు. తెలుగున ఆకు రాలును, మంచు కురియును, గోడ కూలును. ఇంగ్లీషున ఈ మూటికిని 'ఫాల్' చాలును. అందుచేతనే అమెరికావారు ఆకురాలు కాలమును 'ఫాల్' అనియే పిలుతురు. అట్లని ప్రతిచోటను దానికి 'డౌన్' చేర్చరాదు. నిలిచియున్నది నేలకు ఒరిగినప్పుడు 'ఫాల్ డౌన్' ఒప్పును. నడుచుచున్న బిడ్డ పడినను, గోడ పడినను అట్లనవచ్చును. ధరలు నిలువబడి యుండునవి కావు గనుక "ప్రైసెస్ ఫెల్" అన్న చాలును. ఆకస్మికముగా తగ్గినవని చెప్పవలసినచో 'డ్రాప్ట్' అందముగా నుండును.

'డిసెండ్' లాటిను నుండి ఫ్రెంచి మీదుగా వచ్చిన గంభీరమైన మాట. పర్వతారోహకులకు, విమానములకు అది తగును. మేడ దిగు బాలునికి 'కమ్ డౌన్', 'గో డౌన్' అనునవి చాలును. ఈ రెండింటిలో ఏది వాడవలెనో పలుకువాడు నిలుచున్న చోటు నిర్ణయించును. క్రిందనున్న తల్లి "కమ్ డౌన్" అని పిలుచును. మేడమీదనే యున్న అన్న తమ్మునితో "గో డౌన్" అనును. 'దిగి రా', 'దిగి పో' అనుటలో నున్న భేదమే ఇది.

నీటిలోనికిగాని, మెత్తని నేలలోనికిగాని క్రుంగుట 'సింక్'. 1912 ఏప్రిల్ 15న టైటానిక్ ఓడ 'శాంక్'. అది సముద్రములో 'ఫెల్' అనరాదు. కట్టడము తన బరువును తాను మోయలేక కుప్పకూలుట 'కొలాప్స్'. 1879 డిసెంబరు 28న స్కాట్లండులోని టే వంతెన తుపానులో, తనపై నడుచుచున్న రైలుతో సహా కూలినది. ఆ వంతెనకు 'కొలాప్స్' తగును. దానితో నదిలో పడిన రైలుకు 'ఫాల్' తగును. ఒకే ప్రమాదము రెండు క్రియలను కోరినది.

కావున పర్యాయపదముల పట్టికను కంఠస్థము చేయుటకంటె నాలుగు ప్రశ్నలు వేసికొనుట మేలు. తానై పడినదా, ఒకరు విడిచినారా? అదుపులో దిగినదా, అదుపు తప్పినదా? గాలిలోనా, నీటిలోనా? చెప్పువాడు పైనున్నాడా, క్రిందనున్నాడా? ఇవి తెలిసినచో క్రియ తనంతట తానే దొరకును. ప్రయోగశాలలోని బాలుడు మొదటి ప్రశ్న వేసికొన్నచో "ఐ డ్రాప్ట్ ఇట్" అనును. ఆ మాటలో భాషయు సరియగును, నిజమును నిలుచును.