సరమ బిడ్డలకు పుట్టినిల్లు



ఆంధ్రమహాభారతమును ఆదిపర్వమునుండి చదువుకొన్నవారు సరమ కథ నెరుగుదురు. జనమేజయ మహారాజు దీర్ఘసత్రయాగము చేయుచుండగా, ఆడుకొనుచు అచ్చటికి వచ్చిన యొక కుక్కపిల్లను ఆతని తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. అది యేడ్చుచు తల్లి కడకు పోయెను. తల్లియైన సరమ రాజు నెదుటికి వచ్చి, తన బిడ్డకు జరిగిన యన్యాయమును చెప్పి, శపించి వెడలిపోయెను. ఆ భారతమే ముగింపునకు వచ్చినపుడు, మహాప్రస్థానమున ధర్మరాజు తన వెంట నడచి వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని నిలిచిపోయెను. కుక్కపిల్ల యేడ్పుతో మొదలైన గ్రంథము కుక్కను విడువని రాజు కడకు చేరుచున్నదని, నా బాల్యమున నాకు భారతము చెప్పుచు మా తండ్రిగారు అనుచుండెడివారు.

ధర్మరాజు ఆ కుక్కపై జాలిపడెనని యెవరును గొప్పగా చెప్పుకొనరు, విడువలేదని చెప్పుకొందురు. జాలి క్షణములో పుట్టును. విడువకుండుట యేండ్ల పని. ఇది యెరిగియుండియు నేను మొదటి దినముననే తప్పితిని. ఆ తప్పువలన నొక చిన్న ప్రాణము పోయినది. మీ యిండ్లలో నట్లు జరుగకుండవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

కిందటి సంవత్సరము ఆషాఢమాసమున, ముసురు పట్టిన సాయంకాలమున, మా పెద్దవాడు చొక్కాలో మూడు కుక్కపిల్లలను చుట్టుకొని వచ్చెను. వాటి తల్లి రోడ్డుమీద లారీ క్రింద పడి చచ్చినదట. పిల్లలు బడి ప్రక్క తూములో తడిసి వణకుచున్నవి. కన్నులు అప్పుడే విచ్చుచుండెను. మా అత్తగారు పీటమీదినుండి లేచి, "అమ్మాయీ, వాటిని గడప దాటనీయకు. పసిపిల్లలున్న ఇల్లు" అనిరి. ఆమె మడికొరకే అట్లనుచున్నారని తలచి, నేను పెరటి చావడిలో చోటు చేసితిని. వెంటనే ఆవుపాలు వెచ్చచేసి, మా పిల్లలకు పట్టిన ఉగ్గుగిన్నె తెచ్చి, కాళ్లు చాచుకొని కూర్చుండి, అన్నిటికన్న చిన్నదానిని వెల్లకిల పరుండబెట్టి పాలు పోసితిని. పసిబిడ్డలకు అట్లే గదా పోసెదము! అది రెండు గ్రుక్కలు మ్రింగి పొలమారెను. ముక్కునుండి పాలు కారినవి. తెల్లవారునప్పటికి ప్రాణము లేదు.

మరునాడు మావారు మిగిలిన రెంటిని పశువైద్యశాలకు తీసికొనిపోయిరి. నేనును వెంట వెళ్లితిని. వైద్యులు నన్ను నిందింపలేదు గాని, జరిగినదేమో వివరించి చెప్పిరి. ఆనాడు తెలిసికొన్నదియు, పిదప నేర్చుకొన్నదియు మీకు విన్నవించెదను.

ఎత్తుకొనుటకు ముందు

వీధిలో నొంటరిగా కనబడిన పిల్ల లన్నియు అనాథలు కావు. తల్లి ఆహారమునకై పోయియుండవచ్చును. పిల్లలు బొద్దుగా, నిశ్శబ్దముగా నిద్రించుచుండినచో తల్లి వచ్చుచు పోవుచున్నదని యర్థము. అపాయము లేని తావైనచో కొన్ని గంటలు దూరమునుండి కనిపెట్టవలెను. బ్రతికియున్న తల్లినుండి యెనిమిది వారములు నిండనిదే పిల్లను వేరుచేయరాదు. తల్లి పాలవలె నే పాలును కావు. తోబుట్టువులతో ఆడుచు, పండ్లు ఎంత గట్టిగా నొక్కిన నొప్పి కలుగునో పిల్ల ఆ దినములలోనే నేర్చుకొనును.

చలి తీర్చిన పిదపనే పాలు

పుట్టిన మొదటి వారములలో కుక్కపిల్ల తన దేహమునకు కావలసిన వెచ్చదనమును తాను నిలుపుకొనలేదు. చలికి బిగిసిన పిల్లకు పాలు జీర్ణము కావు, మ్రింగుటయు చేతకాదు. కావున మొదట తుడిచి, పొడి బట్టలో చుట్టి, వేడినీటి సీసాకు గుడ్డ చుట్టి ప్రక్కన నుంచి, మెల్లగా వెచ్చచేయవలెను. వేడి యెక్కువైనచో తొలగిపోవుటకు చోటును ఉంచవలెను. పిల్ల వెచ్చబడి కదలాడిన తరువాతనే పాలు పట్టవలెను.

కుక్కపిల్లను ఎన్నడును వెల్లకిల పరుండబెట్టి పాలు పోయరాదు. తల్లి పొదుగు కడ నెట్లు బోర్ల పరుండి త్రాగునో అట్లే, పొట్ట నేలకానించి, తల కొంచె మెత్తి, చిన్న పాలసీసాతో తనంతట చప్పరించునట్లు పట్టవలెను. నేను పోసిన పాలు కడుపులోనికి గాక ఊపిరితిత్తులలోనికి పోయినవి. ఆవుపాలును వాటికి చాలవు. కుక్కపాలలో కొవ్వును మాంసకృత్తులును ఆవుపాలలోకన్న రెట్టింపునకు మించి యుండును. ఆవుపాలలోని చక్కెర వాటికి విరేచనములు కలిగించును. కుక్కపిల్లలకై తయారుచేసిన పాలపొడి దొరకును. మా పిల్లలకు రాత్రింబగళ్లు మూడు నాలుగు గంటల కొకమారు అది పట్టితిమి. పాలు పట్టిన ప్రతిసారియు గోరువెచ్చని నీట తడిపిన దూదితో అడుగుభాగము తుడువవలెను. తల్లి నాకి చేయించు పని యది. అట్లు చేయనిచో పసిపిల్లకు మలమూత్రములు వెడలవు.

నాలుగవ వారమునుండి మెత్తని యాహారము అలవాటు చేయవచ్చును. మా యింట మాంసము వండము. పెరుగన్నము చాలునని తలచితిమి. చాలదని వైద్యులు చెప్పిరి. పెరుగు పిల్లకు మాంసకృత్తులు వలయును గనుక పిల్లల కొరకే చేసిన ఎండుమేతను నానబెట్టి పెట్టితిమి. పొరుగింటి పిన్నిగారు ఉడికించిన గ్రుడ్డు పంపుచుండిరి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెటు కుక్కలకు విషతుల్యములు. ఉడికిన కోడియెముకలు పెళుసుగా చీలి ప్రేవులను గ్రుచ్చును. విందునాటి విస్తరిలో మిగిలినదెల్ల ప్రేమతో పెట్టుట ప్రేమ కాదు.

వ్యాధులును టీకాలును

తెచ్చిన పిల్లను రెండు వారములపాటు ఇతర కుక్కలతో కలియనీయక వేరుగ నుంచవలెను. పార్వో యను వ్యాధి పసిపిల్లలను రెండు మూడు దినములలో హరించును. వాంతులు, నెత్తురు విరేచనములు, ఆహారము ముట్టకుండుట దాని గుర్తులు. అట్టి గుర్తు కనబడినచో తెల్లవారునందాక ఆగక వైద్యుని చూపవలెను. ఆ వ్యాధిబీజము నేలలో నెలల తరబడి నిలిచియుండును. ఫినాయిలుతో పోదు, బ్లీచింగుపొడి నీటితో కడుగవలెను. ఆరు మొదలు ఎనిమిది వారముల ప్రాయమున మొదటి టీకా వేయించి, మూడు నాలుగు వారముల కొకటి చొప్పున పదునారు వారములు నిండువరకు వేయించవలెను. రెండు వారముల ప్రాయమునుండియే నులిపురుగుల మందు వైద్యులు చెప్పిన లెక్కన పట్టవలెను. ఆ పురుగులు మన పిల్లలకును సోకగలవు గనుక, ఆడుకొన్న తరువాత చేతులు సబ్బుతో కడుగుట నియమము కావలెను.

ఇక నన్నిటికన్న ముఖ్యమైన మాట. ఒకనాటి రాత్రి పాలు పట్టుచు కూర్చుండగా అత్తగారు వచ్చి నా ప్రక్కన కూర్చుండిరి. "నా తమ్ముని సంగతి నీకు చెప్పలేదు" అనిరి. ఆమె తమ్ముని ఏడేండ్ల ప్రాయమున వీధికుక్క కరచినదట. పెద్దలు కారము అద్ది, సున్నము పట్టించి, మంత్రము వేయించిరి. గాయము మానెను. అందరును మరచిరి. కొన్ని వారములకు ఆ బాలుడు మంచినీళ్లు చూచి భయపడసాగెను. "ఆ యింట వాని కేకలు విన్నదానను, అమ్మాయీ. మడి కాదు నాది, భయము" అనిరి. నా నోట మాట రాలేదు. ఆమెను ఆచారపరురాలని యెంతకాలము తప్పుగా తలచితిని!

ఆమె భయము న్యాయమైనది. రేబిస్ లక్షణములు పైబడిన పిదప మనుష్యుని బ్రతికించుట దాదాపు అసాధ్యము. కాని దానిని ముందుగా నివారించు విద్య 1885లో పాశ్చరు పండితుడు తొమ్మిదేండ్ల బాలునికి టీకా వేసిననాటినుండి లోకమున నున్నది. దక్షిణదేశమున కూనూరులో 1907లోనే అందుకొక సంస్థ వెలసినది. కుక్క కరచినను, గోళ్లతో గీరినను, అది చిన్నపిల్లయైనను సరే, గాయమును ధారగా పడు నీటిలో సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసుపు ఏదియు పూయరాదు. ఆ దినముననే వైద్యశాలకు పోవలెను. వైద్యులు చెప్పిన దినములలో టీకా లన్నియు, ఒక్కటియు మానక వేయించుకొనవలెను. నెత్తురు కారిన గాయమునకు వేరొక మందును అచ్చటనే వేయుదురు. కుక్కపిల్లకు మూడునెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, ఏడాది కొకమారు మరల వేయించవలెను. అత్తగారి మాట విన్న మరునాడే మా యింటి గోడపంచాంగములో ఆ తేదీలను గుర్తువేసితిని.

అప్పగింతలు

రెండు పిల్లలను శాశ్వతముగా పెంచు శక్తి మాకు లేదు. అందుకని మా యిల్లు వాటికి పుట్టినిల్లు మాత్రమే యనుకొంటిమి. కొన్ని వారములు సాకి, ఆరోగ్యము కుదిర్చి, తగిన యిల్లు చూచి అప్పగించుటయు గొప్ప సేవయే. పెద్ద పట్టణములలో ఈ పని చేయు సంఘములు గలవు. చెన్నపట్టణమున 1964లోను, హైదరాబాదున శ్రీమతి అక్కినేని అమల పూనికతో 1992లోను బ్లూక్రాస్ సంఘములు ఏర్పడినవి. మన దేశమున 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు రుక్మిణీదేవి అరండేలు. స్త్రీల చేతులు ఈ కార్యమునకు క్రొత్తవి కావు.

మొదట నొక వర్తకుడు మగపిల్లను అడుగ వచ్చెను. గిడ్డంగి కడ రేయింబవళ్లు గొలుసుతో కట్టివేయునట. మావారు కాదనుటకు మొగమాటపడిరి. లోపలినుండి అత్తగారు, "గొలుసుకు పిల్ల నియ్యము, నాయనా" అనిరి. సంబంధము విచారించినట్లే విచారింపవలెను: ఇంటిల్లిపాదికి సమ్మతమేనా? ఊరికి పోయినపుడు చూచువారెవరు? టీకాలకు వ్యయము పెట్టగలరా? పదిపండ్రెండేండ్లు సాకగలరా? పదవ వారమున ఆ పిల్ల మా వీధిచివరి యుపాధ్యాయురాలి యింటికి చేరెను. టీకాల చీటియు, అది పరుండిన పాతచీర ముక్కయు వెంట పంపితిని. కన్నీరు నిలువలేదు.

ఆడపిల్లను ఎవరును అడుగలేదు. వచ్చినవారందరు తోక యెత్తి చూచి, ఈనునని భయపడి మరలిపోయిరి. తూములలోను చెత్తకుప్పలమీదను పారవేయబడు పిల్లలలో ఆడువే యెక్కువగా కనబడుటకు ఇదియే హేతువు. ఆరునెలలు నిండిన పిదప చేయు చిన్న శస్త్రచికిత్సతో ఆ చింత తీరును. మావారు అత్తగారివంక చూచిరి. ఆమె, "దాని పేరు సరమ" అనిరి. అంతటితో తీర్మానమైనది. మాఘమాసమున దానికి శస్త్రచికిత్స చేయించితిమి.

క్రొత్తయింటి మొదటి దినములు

క్రొత్తపిల్లను తెచ్చుకొనువారు మొదటి రాత్రులలో అది యేడ్చునని యెరుగవలెను. దూరమున కట్టివేయక, ఇంటివారి చప్పుడు వినబడు చోట పరుండబెట్టవలెను. నిద్ర లేచినవెంటనే, తిన్నవెంటనే, ఆడినవెంటనే పెరటిలోనికి తీసికొనిపోయి, పని కానిచ్చినచో మెచ్చుకొనవలెను. ఇంటిలో తడిపినచో కొట్టినందున ఫలము లేదు. అది భయమునే నేర్చుకొనును. మూడవ వారమునుండి పదునాలుగవ వారమువరకు చూచిన మనుష్యులు, విన్న చప్పుళ్లు దానికి జీవితాంతము స్నేహితములగును. తినునపుడు, నిద్రించునపుడు దానిని కదపరాదని మన పిల్లలకును నేర్పవలెను. మంచుదేశపు జాతికుక్కలను వెలపోసి కొని మన యెండలలో మాడ్చుటకన్న, ఈ నేలలో పుట్టిన వీధిపిల్లను తెచ్చుకొనుట వివేకము.

2025 ఆగస్టు 22వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము వీధికుక్కల విషయమై యిచ్చిన యుత్తరువులో, దత్తత తీసికొన్న కుక్క మరల వీధిపాలు కాకుండ చూచు బాధ్యత తీసికొన్నవారిదే యని చెప్పినది. ధర్మరాజు ఏ చట్టమును చదువకయే పాటించిన ధర్మ మది.

ఈ వ్యాసము వ్రాయుచుండగా సరమ గడప కీవల, తన హద్దెరిగి, ముట్టెను కాళ్లపై నానించుకొని పరుండియున్నది. గడప కావల మా అత్తగారు బియ్యమేరుచున్నారు. పెరటిలో జామచెట్టు క్రింద, ఉగ్గుగిన్నెతో నేను చంపుకొన్న చిన్నది యున్నది. దానికి నేను చేయగలిగిన తర్పణ మింతే. మీ వాకిట నే వానసాయంకాలముననో ఒక కుక్కపిల్ల వణకుచు వచ్చినచో, మొదట దానిని వెచ్చచేయుడు; తరువాత బోర్ల పరుండబెట్టి పాలు పట్టుడు; ఆ పైని, విడువకుడు.