కణంలో తుక్కు ముద్ర

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో తుక్కు ఇనుము వృథా కాదు. కరిగి మళ్లీ ఉక్కవుతుంది. మన కణాల్లోనూ పాడైన, పని ముగిసిన ప్రోటీన్లు ముక్కలై, వాటి అమైనో ఆమ్లాలు తిరిగి వాడుకలోకి వస్తాయి. ఏ ప్రోటీన్‌ను తొలగించాలో ఎంచేవి యుబిక్విటిన్ లైగేజ్ ఎంజైములు. మనిషిలో ఇవి 600కు పైగా ఉన్నాయి. ఎంచిన ప్రోటీన్‌కు యుబిక్విటిన్ అణువులను గొలుసుగా తగిలిస్తాయి. ఆ గుర్తున్న ప్రోటీన్‌ను ప్రోటియాసోమ్ ముక్కలు చేస్తుంది. ఈ విధానాన్ని వెలికితీసిన సీకనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

ఎంపిక తప్పితే ముప్పే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్, ఈ6ఏపీ అనే లైగేజ్‌ను లొంగదీసుకుంటుంది. అప్పుడు క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 ప్రోటీన్‌కే తుక్కు ముద్ర పడుతుంది. కణాలు అదుపు తప్పుతాయి. ఆ వైరస్ సోకకముందే టీకా వేయించుకుంటే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది.