పైకప్పు మీది ఎండ, తలుపు కింది సందు

ఢిల్లీకి బదిలీపై వచ్చి, పై అంతస్తు క్వార్టరు లభించిన సహోద్యోగులకు ఈ అనుభవం కొత్త కాదు. మే నెలలో రాత్రి పది దాటినా పైకప్పు సెగలు చిమ్ముతూనే ఉంటుంది. పగలంతా ఎండను పీల్చుకున్న కాంక్రీటు, చీకటి పడిన తరువాత ఆ వేడిని గదిలోకి విడుస్తుంది. మనకు వెంటనే తోచే ఉపాయం మరింత పెద్ద ఏ.సి. కొనడం. 2024 జూన్ 19న ఢిల్లీ గరిష్ఠ విద్యుత్ డిమాండు 8,656 మెగావాట్లకు చేరింది.

ఇంధన సామర్థ్య బ్యూరో 2018లో కొత్త నివాస భవనాలకై వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ వేడిని గుమ్మం బయటే ఆపమంటుంది. లోపలికీ వెలుపలికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, చదరపు మీటరు పైకప్పు గుండా 1.2 వాట్లకు మించి వేడి ప్రసరించరాదన్నది అందులోని నియమం. ఏ రక్షణా లేని ఆరంగుళాల స్లాబు అంతకు రెండింతలకు మించి ప్రసరింపజేస్తుంది.

ఢిల్లీ మేస్త్రీలు ‘మడ్ ఫస్కా’ను ఎప్పటినుండో ఎరుగుదురు. గడ్డి కలిపిన మట్టిని స్లాబుపై పరచి, పైన ఇటుక పలకలు అమర్చే పద్ధతి అది. రాయలసీమ మట్టిమిద్దెల కింద పెరిగినవారికి దాని గుణం వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడు ఆ స్థానంలో పాలీస్టైరీన్ వంటి నురగ పలకలు వచ్చాయి. డాబాపై బరువు పెంచే పని దేనికైనా ముందుగా సివిల్ విభాగం అనుమతి తీసుకోవాలి. అంత వ్యయం భరించలేనివారు వేసవికి ముందు తెల్లని పూతైనా వేయిస్తే, ఎండలో అధికభాగం వచ్చిన దారినే మరలిపోతుంది.

ఇక గాలి సంగతి. తలుపు కింద సందు, కిటికీ చట్రం పక్క పగులు, ఏ.సి. గొట్టానికై తొలిచిన రంధ్రం, వీటి దగ్గర అగరువత్తి పట్టుకుంటే పొగ వంగిన తీరే లోపాన్ని చూపుతుంది. రబ్బరు పట్టీలు, సిలికాన్ చాలు. మా శ్రీమతి పాత చీరను చుట్టచుట్టి తలుపు కింద పెడుతుంది, అదీ పనిచేస్తోంది. కూలరున్న గదికి మాత్రం ఇది పనికిరాదు. తడిగాలి పోవడానికి కిటికీ తెరిచి ఉండవలసిందే.

చలికాలంలో ఈ మూతలే ప్రాణాంతకం కాగలవు. మూసిన గదిలో బొగ్గుల అంగీఠీ పెట్టుకొని నిద్రించి, తెల్లవారి లేవనివారి వార్తలు ఢిల్లీ పత్రికలలో చదువుతూనే ఉంటాము. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ గీజరున్న స్నానాలగదిలోనూ ఇదే ప్రమాదం పొంచి ఉంది. జనవరి చలికి తాళలేక మా స్నానాలగది వెంటిలేటరుకు అట్టముక్క బిగించినవాడిని నేనే. అటువంటి వార్త ఒకటి చదివిన రోజున స్టూలెక్కి దానిని ఊడదీశాను.