పాట అవ్వది, పైసలు ఛానల్‌వి

బతుకమ్మ దగ్గర పడ్డదంటే చాలు, యూట్యూబ్‌ల కొత్త పాటలు వరుసగ దిగుతయి. డ్రోన్ షాట్లు, పట్టుచీరలు, డీజే బీట్. మంచిగనే ఉంటయి, కాదంటలేం. కానీ అండ్ల ఎన్నో వరుసలు నాట్లేసేకాడ, కలుపు తీసేకాడ ఆడోళ్లు కట్టుకున్నయే. మరి ఫోన్ ఎవరి చేతుల ఉన్నది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణల ఒక్కసారన్న ఇంటర్నెట్ వాడిన ఆడోళ్లు 26.5 శాతం. మొగోళ్లు 57.4 శాతం. ఇది కరోనాకు ముందు, 2019ల తీసిన లెక్క. అప్పటిసంది ఫోన్లు పెరిగినయి, నిజమే. కానీ ఆ సర్వే 49 ఏండ్లు దాటిన ఆడోళ్లను అడగనే లేదు. పాటలు ఎక్కువ తెలిసింది ఆ అవ్వలకే.

ఇప్పుడు సంగతి ఎట్ల నడుస్తదంటే, అవ్వ పాడుతది, పోరడు ఫోన్‌ల రికార్డు చేస్తడు. ఛానల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిల 4,000 గంటల వ్యూస్ అయితే యాడ్ పైసలు మొదలైతయి. ఖాతా ఎవరి పేరు మీదుంటే పైసలు వాళ్లకే. ఇంకొందరైతే పాట నేర్చుకొనిపోయి స్టూడియోల పాడిచ్చి, కింద 'రచన' అని సొంత పేరు ఏసుకుంటరు. రేపు అదే వరుస ఇంకో ఊరోళ్లు పాడి పెడితే, వాళ్ల మీదనే కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు!

పైసల కన్న పెద్ద ముచ్చట ఇంకోటున్నది. ఊర్ల పాటకు ఒక కొలత ఉండదు. ఒకామె ఎత్తుకుంటది, మిగిలినోళ్లు అందుకుంటరు. నడుమ వదిన పేరో, చెరువు ముచ్చటో కలుస్తది. రేపటికి అదే పాట ఇంకో తీరుగుంటది. రికార్డు అయినంక అది ఐదు నిమిషాల కాడ ఆగిపోతది. పండుగనాడు స్పీకర్ల అదే మోగుతది. పాట కట్టే అవ్వ మూలకు కూసొని ఇంటది.

చట్టం ఏమంటదంటారా? తరతరాలుగ వస్తున్న పాటకు ఓనర్ లేడు. కానీ పాడిన గొంతుకు హక్కున్నది. 1957 కాపీరైట్ చట్టాన్ని 2012ల సవరించి, 38బీ సెక్షన్ చేర్చిన్రు. పాడినోళ్ల పేరు చెప్పుమని అడిగే హక్కు దాంతోని వచ్చింది. ఆ రికార్డుతోని యాపారం చేస్తే రాయల్టీ అడిగే హక్కు గూడ ఉన్నది. అయితే స్టూడియోల ఇంకొకలు పాడితే అవ్వకు ఈ సెక్షన్ అక్కరకు రాదు. అసలు తన పాట యూట్యూబ్‌ల ఉన్నదని తెలిస్తే గదా అడిగేది.

మీల ఎవలన్న ఛానల్ నడుపుతున్నరా? డిస్క్రిప్షన్‌ల ఒక్క లైన్ రాయున్రి: పాడిందెవలు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నది. ఎడిట్ చేసింది ఒకటి పెట్టినా, మొత్తం పాట ఇంకోటి దాచున్రి. పైసలొస్తే వాటా ముందే మాట్లాడుకోన్రి. కొందరు అవ్వలు పేరు వద్దనొచ్చు గూడ. అది గూడ అడిగితేనే తెలుస్తది.