రొయ్య మీద సుంకం లెక్క కట్టేదెవరు?

2025 ఆగస్టు 27. రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల తీరంలోని వనామీ రొయ్యల చెరువులకు గట్టి దెబ్బ తగిలిన తేదీ. అమెరికాకు వెళ్లే మన రొయ్యల మీద మొత్తం సుంకం 58.26 శాతానికి చేరింది. అందులో 50 శాతం అధ్యక్షుడి ఉత్తర్వులతో వచ్చిపడింది. మిగతా 8.26 శాతం అలా రాలేదు. 2.49 శాతం యాంటీ డంపింగ్ సుంకం, 5.77 శాతం రాయితీలకు విరుగుడుగా వేసిన సుంకం. రెండూ కంపెనీల పద్దులు తిరగేసి, లెక్కలు కట్టి వేసినవి. ఆ లెక్కలు కట్టడం, వాటిలో తప్పు పట్టడం అంతర్జాతీయ వాణిజ్య ఆర్థికవేత్తల పని.

కథ 2003 డిసెంబరు 31న మొదలైంది. భారత్ సహా ఆరు దేశాలు రొయ్యల్ని న్యాయమైన ధర కంటే తక్కువకు అమ్ముతున్నాయని, అంటే డంపింగ్ చేస్తున్నాయని అమెరికా ఉత్పత్తిదారులు ఫిర్యాదు చేశారు. 2005 ఫిబ్రవరిలో సుంకం ఖరారైంది. మన ఎగుమతిదారుల్లో ఎక్కువ మందికి 10.17 శాతం.

అసలు కిటుకు లెక్క కట్టిన తీరులో ఉంది. ఒక సరుకు న్యాయమైన ధర కంటే పది రూపాయలు తక్కువకు, మరొకటి పది రూపాయలు ఎక్కువకు అమ్ముడైందనుకుందాం. సగటు చూస్తే డంపింగే లేదు. అమెరికా వాణిజ్య శాఖ మాత్రం ఎక్కువకు అమ్మిన దాన్ని సున్నాగా రాసుకునేది. తక్కువకు అమ్మినది మాత్రమే మిగిలేది. ఈ ‘జీరోయింగ్’ మీదే ఈక్వెడార్ ప్రపంచ వాణిజ్య సంస్థలో పోరాడి 2007లో గెలిచింది, సుంకం రద్దు చేయించుకుంది. నేడు ప్రపంచంలో అత్యధికంగా రొయ్యలు ఎగుమతి చేస్తున్న దేశం అదే.

భారత్ కూడా దావా వేసింది. దాని గురి వేరు: సుంకంతో పాటు భారీ పూచీకత్తు బాండ్లు అడగడం. 2008లో తీర్పు మనకు అనుకూలంగా వచ్చింది. సుంకం మాత్రం ఉండిపోయింది.

అయినా దారి మూసుకుపోలేదు. విశాఖకు చెందిన దేవి సీఫుడ్స్ వరుస సమీక్షల్లో తన అమ్మకాల్లో డంపింగ్ లేదని రుజువు చేసుకుని, 2010లో ఆ సుంకం ఉత్తర్వు నుంచే బయటపడింది. ఈ రంగంలో నైపుణ్యం విలువకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ ఆర్థికవేత్తల వృత్తికి రెండో ముఖం పోటీ విధానం. దాన్ని కూడా తెలుగు రైతు చూశాడు. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బీటీ పత్తి విత్తనాల ధరపై గుత్తాధిపత్య వ్యాపారాలను విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్ మెట్లెక్కింది. 450 గ్రాముల ప్యాకెట్‌పై 1,250 రూపాయలు టెక్నాలజీ ఫీజే. ఆ ఫీజు వసూలు చేసే మహికో మోన్‌శాంటో కంపెనీ దాన్ని తగ్గించాలని కమిషన్ చెప్పింది. ప్యాకెట్ ధరను రాష్ట్రం 750 రూపాయలకు దించింది.

హైదరాబాద్ నుంచి ఈ దారిలో నడిచిన ఆర్థికవేత్త గీతా గౌరి. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్‌లో, తర్వాత రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలిలో పనిచేసి, భారత కాంపిటీషన్ కమిషన్ సభ్యురాలయ్యారు. కరెన్సీ డెరివేటివ్స్‌లో రుసుము తీసుకోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి 2011లో కమిషన్ 55.5 కోట్ల రూపాయల జరిమానా వేసినప్పుడు, భిన్నాభిప్రాయం తెలిపిన ఇద్దరిలో ఆమె ఒకరు. రుసుము లేకపోవడం పోటీని చంపడమా, కొత్త మార్కెట్‌ను పెంచడమా? చట్టం ఒక్కటే చాలదు, ఆర్థిక విశ్లేషణ కావాలి.

రొయ్యలపై సమీక్షలు ఇంకా నడుస్తున్నాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల్లో ఎకనామిక్స్ చదివే పిల్లలకు డంపింగ్ లెక్క ఒక పాఠంగా, పక్క ఊరి చెరువు ఖర్చుల పద్దు ఒక ప్రాజెక్టుగా ఇవ్వాలి. మేత, సీడ్, కరెంటు బిల్లులతో ఆ కసరత్తు ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.