తెల్లారగట్ల మొరాయించే జోడు ఇన్వర్టర్లు
రొయ్యల చెరువుల వద్ద సోలారు, జనరేటరు పొత్తు కుదరక రైతుల అవస్థ

భీమవరం: రొయ్యల చెరువుకు గండం పట్టపగలు రాదు. రాత్రి రెండు దాటాక వస్తుంది. ఎండ వున్నంతసేపు నీటిలోని పచ్చని నాచు ప్రాణవాయువును విడుస్తూ వుంటుంది. పొద్దుగూకిన తర్వాత ఆ నాచే రొయ్యలతో సమానంగా ప్రాణవాయువును పీలుస్తుంది. తెల్లారగట్లకు లీటరు నీటిలో అది 3, 4 మిల్లీగ్రాముల కన్న తగ్గితే రొయ్యకు వూపిరాడక పైకి తేలుతుంది. ఆ వేళప్పుడు ఏరేటర్లు ఆగిపోతే నెలల తరబడి పోసిన మేత నీళ్లపాలైనట్టే.

2009లో వెనామీ రొయ్యకు అనుమతి లభించిన తర్వాత చెరువులో వదిలే పిల్లల సంఖ్య పెరిగింది. దానితో ఏరేటర్ల అవసరమూ పెరిగింది. భీమవరం, ఉండి, ఆకివీడు, నరసాపురం ప్రాంతాలలో గాని, కోనసీమ తీరంలో గాని కరెంటు ఒక్కదానినే నమ్ముకునే రైతు అరుదు. 1996 నవంబరు 6 నాటి తుపానులో కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలు కూడా నేలకూలిన సంగతి కోనసీమ పెద్దలు మరచిపోలేదు. లైను అందని గట్ల మీద, డీజిలు ఖర్చు భరించలేని చోట సోలారు పలకలు, బ్యాటరీలు, జనరేటరు కలిపి నడుపుకోవలసి వస్తున్నది. ఇందులో ఒక చిక్కు వున్నది. పలకలు పగలు కరెంటు యిస్తాయి. చెరువుకు అది కావలసింది రాత్రి. అందువల్ల భారమంతా బ్యాటరీల మీద, ఇన్వర్టర్ల మీద పడుతుంది. ఒక ఇన్వర్టరు చాలక రెండు, మూడు జత చేస్తారు. పేచీ అక్కడే మొదలవుతుంది.

జత చేసిన ఇన్వర్టర్లు కాడికి కట్టిన ఎడ్ల వంటివి. కరెంటు సెకనుకు 50 సార్లు అటూ యిటూ వూగుతుంది. రెండు యంత్రాలూ ఆ వూపును ఒకే క్షణంలో వేయాలి, బరువును సమంగా మోయాలి. ఒకటి ముందు, ఒకటి వెనుక అయితే ఏరేటర్ల సంగతి అటుంచి ఒకదాని కరెంటు రెండోదానిలోకే పోతుంది. అలా జరగకుండా యంత్రాల మధ్య సన్నని కబురు తీగలు వుంటాయి. ఒకటి పెద్దరికం వహిస్తుంది, తక్కినవి దానిని అనుసరిస్తాయి. ఈ సన్నతీగ వదులైనా, ఎలుక కొరికినా యంత్రాలన్నీ ఒక్కసారిగా చేతులెత్తేస్తాయి. వేల రూపాయల బోర్డు మార్చిన తర్వాత అసలు దోషం ఆ తీగ కొసలో వున్నదని తేలితే రైతు ఎవరికి చెప్పుకోవాలి?

నిజానికి యంత్రం పెట్టె లోపల కన్న దాని బయట అతుకుల్లోనే ఎక్కువ సార్లు తప్పు వుంటుంది. 48 వోల్టుల బ్యాటరీ మీద 5 కిలోవాట్ల బరువు మోసే ఇన్వర్టరు 100 ఆంపియర్లకు పైగా లాగుతుంది. అంత కరెంటుకు వదులు నట్టు, తుప్పు పట్టిన లగ్గు పెద్ద అడ్డే. ఉప్పుగాలి తగిలే గట్ల మీద లగ్గులకు పచ్చని చిలుము పట్టడం మామూలు. బ్యాటరీ నుంచి ఒక ఇన్వర్టరుకు మూరెడు తీగ, రెండోదానికి మూడు మూరల తీగ వేసినా యిదే గతి. పొడుగు తీగ గల యంత్రానికి వోల్టేజి తక్కువగా కనిపించి, బ్యాటరీ అయిపోయిందని ముందుగా ఆగుతుంది. మిగిలినదాని మీద మొత్తం బరువు పడి అదీ ఆగుతుంది. చూసేవారికి రెండూ చెడినట్లే వుంటుంది.

దీనిని కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఏరేటర్లన్నీ తిరుగుతుండగా మీటరుతో ప్రతి ఇన్వర్టరు బ్యాటరీ బిగింపుల వద్దనే వోల్టేజి చూడాలి. ఒకచోట 50, మరోచోట 48.5 వస్తే ఆ దారిలో ఎక్కడో అతుకు చెడినట్లే. తీగలు ఒకే పొడవు, ఒకే మందం వుండాలి. అన్ని ఇన్వర్టర్లకూ ఒకే బ్యాటరీ వరుస వుండాలి. వరుసలో ఒక్క బ్యాటరీ చచ్చినా మొత్తాన్ని కిందికి లాగుతుంది గనుక బరువు మీద వుండగా ఒక్కొక్కదానినీ విడిగా కొలవడం మంచిది.

జనరేటరు కథ వేరు. రాత్రంతా సక్రమంగా నడిచిన ఇన్వర్టర్లు జనరేటరు వేయగానే టకటకమంటూ దానిని పట్టుకుని వదిలేస్తుంటాయి. జనరేటరు పాడైందని మెకానిక్కును పిలుస్తారు. చాలాసార్లు తప్పు లెక్కలో వుంటుంది. 10 కె.వి.ఎ. జనరేటరు ఇవ్వగలిగేది సుమారు 8 కిలోవాట్లు. ఒక్కొక్క ఇన్వర్టరు 60 ఆంపియర్లతో బ్యాటరీని నింపబోతే రెండింటికీ కలిపి ఆరున్నర కిలోవాట్లు పోతుంది. ఒక హార్సుపవరు ఏరేటర్లు నాలుగు తిరిగితే మరో 4 కిలోవాట్లు. పదిన్నర బరువును ఎనిమిది మోసే ఇంజను మీద వేస్తే అది గుక్కపట్టి, 50 సైకిళ్ల నుంచి 47కు జారుతుంది. ఇది మంచి కరెంటు కాదని ఇన్వర్టర్లు విడిపోతాయి. బరువు తగ్గి ఇంజను మళ్లీ పుంజుకుంటుంది, అవి మళ్లీ పట్టుకుంటాయి. బ్యాటరీ నింపే కరెంటును యంత్రానికి 20 ఆంపియర్లకు తగ్గిస్తే మొత్తం ఆరు కిలోవాట్లకు కాస్త పైన నిలుస్తుంది. ఏరేటర్లను ఒక్కసారిగా కాక ఒకదాని వెంట ఒకటిగా వేయాలి. మోటారు లేచేటప్పుడు నడిచే కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. అప్పటికీ ఇంజను వూగుతుంటే డీజిలు ఫిల్టరు, గాలి ఫిల్టరు, గవర్నరు చూపించాలి.

జనరేటరు తీగలు అన్ని ఇన్వర్టర్ల లోపలికి వచ్చే బిగింపులకే కలపాలి. తొందరలో బయటికి పోయే బిగింపులకు కలిపితే రెండు కరెంట్లు ఎదురెదురుగా కొట్టుకుని ఇన్వర్టర్లు కాలిపోతాయి. ఫేజు, న్యూట్రలు తారుమారైనా ప్రమాదమే. తడి గట్టు మీద ఎర్తు లేని షెడ్డు మరీ ప్రమాదం. అక్కడ పోయేది రొయ్య కాదు, మనిషి.

తప్పు దొరకనప్పుడు అన్నీ ఒకేసారి కెలకడం కన్న జత విడదీయడం మేలు. పట్టపగలు, ఎండ బాగా వున్నప్పుడు, చెరువును జనరేటరు మీద వదిలి ఇన్వర్టర్లను ఆపాలి. సోలారు, బ్యాటరీ స్విచ్చులు కూడా తీసి పది నిమిషాలు ఆగితే గాని మూత విప్పరాదు. తర్వాత కబురు తీగలు తీసి, ఒక్కొక్క ఇన్వర్టరును విడియంత్రంగా దిద్ది, తక్కినవి ఆపి, దానిని మాత్రమే నడిపి చూడాలి. విడిగా అన్నీ నడిచి, జతలో నడవకపోతే దోషం జతకట్టిన తీగల్లోనో, దిద్దుబాటులోనో వుంటుంది. తెర మీద కనిపించిన తప్పు అంకెను చెరిపే ముందు రాసిపెట్టుకోవాలి. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క అంకె. పుస్తకాలేమో యింగ్లీషులో వుంటున్నాయి. ఇన్ని అమ్ముతున్నవారు నాలుగు పేజీల తెలుగు పుస్తకం యివ్వలేరా అని రైతులు అడిగితే అందులో తప్పేమీ లేదు.

పాత జతకు కొత్త ఇన్వర్టరు చేర్చేటప్పుడు మరో తిరకాసు. పైకి అదే కంపెనీ, అదే సైజు అయినా లోపలి ప్రోగ్రాము కొత్తదైతే పాతవి దానిని కలుపుకోవు. కొనకముందే అమ్మేవాని చేత అన్నింటికీ ఒకే ప్రోగ్రాము ఎక్కించేటట్లు మాట తీసుకోవాలి. అది కుదరకపోతే కొత్తదానిని జతకు కలపకుండా, రెండు ఏరేటర్లు దానికే విడిగా అప్పగిస్తే సరిపోతుంది.